నెట్‌వర్క్ ఇంజనీరు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా?

మాదాపూర్‌లో ఆరేళ్లుగా రూటర్లు, స్విచ్‌లు చూసుకుంటున్నానని, ఆటోమేషన్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

అమీర్‌పేటలో ఏ కోర్సులో చేరాలా అని ఆలోచించే ముందు, మీకు రోజూ విసుగు పుట్టించే పని ఒకటి ఎంచుకోండి. కాన్ఫిగరేషన్ బ్యాకప్ అనుకుందాం. 40 స్విచ్‌లలోకి ఒక్కొక్కటిగా లాగిన్ అయ్యే బదులు, పైథాన్‌లో నెట్‌మికో లైబ్రరీతో చిన్న ప్రోగ్రాం రాస్తే చాలు. అది ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా ప్రతి స్విచ్‌లోకీ వెళ్లి, ఆదేశం ఇచ్చి, వచ్చిన జవాబును ఫైలులో దాస్తుంది. కొన్నాళ్లు సమాచారం చదివే ఆదేశాలకే పరిమితం కండి. మార్పులు చేసే ఆదేశాలను ముందు జీఎన్‌ఎస్3 వంటి, కంప్యూటర్‌లోనే నమూనా నెట్‌వర్క్ నడిపే ప్రయోగశాలలో పరీక్షించాలి. మనం ఒక స్విచ్‌లో చేసే పొరపాటును ప్రోగ్రాం నలభైలోనూ క్షణాల్లో చేసేస్తుంది. నా ప్రోగ్రాం ఒకసారి ఆ పనే చేసింది. ఆ రాత్రి నేను ఇంటికి వెళ్లలేదు.

తర్వాత ఆన్సిబుల్: ఎన్నో పరికరాల్లో ఒకే పనిని ఒకేసారి చేయించే సాధనం. 2012లో వచ్చిన దీని కోసం స్విచ్‌లలో అదనంగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. ఆపైన నెట్‌కాన్ఫ్ (పరికరాలతో మాట్లాడే ప్రోటోకాల్), యాంగ్ (ఆ డేటా రూపాన్ని వర్ణించే భాష): తెర మీది అక్షరాల్లోంచి ఏరుకోకుండా, పరికరం నుంచి క్రమబద్ధమైన డేటానే తీసుకోవచ్చు. బీజీపీ, ఓఎస్‌పీఎఫ్ వంటి, రూటర్లు దారి ఎంచుకునే ప్రోటోకాల్స్‌ను మాత్రం మరిచిపోవద్దు. లింకు ఎందుకు పడిపోయిందో పైథాన్ చెప్పదు.

సర్టిఫికెట్ల సంగతికొస్తే, సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ గడువు 3 ఏళ్లే. పరీక్ష మళ్లీ రాయకుండా 30 క్రెడిట్లతో (శిక్షణకు ఇచ్చే పాయింట్లతో) పొడిగించుకునే వీలుంది. ఆ క్రెడిట్ల కోసం ఎలాగూ కోర్సులు చేయాలి కాబట్టి, ఆటోమేషన్ కోర్సులే ఎంచుకోండి.