మోతాదు మారని జన్యువును పక్కన పెట్టేయొచ్చా?

పెద్దపేగు క్యాన్సర్ గడ్డలోనూ పక్కనున్న మామూలు కణజాలంలోనూ ఒక జన్యువు వ్యక్తీకరణ (దాన్నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ నకళ్ల మోతాదు) సమానంగా ఉంటే, దాన్ని వదిలేయొచ్చా అని అడిగారు. వదలకండి.

నేను ల్యాబ్‌లో ఈ టిష్యూలతోనే పనిచేశాను. ఒకే రోగి నుంచి వచ్చిన రెండు ముక్కల్లో ర్యాక్1 జన్యువు మొత్తం ఆర్‌ఎన్‌ఏ కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. "ఇందులో ఏం లేదు, తర్వాతది చూడు" అన్నారు సీనియర్. నాకు మనసొప్పలేదు. జన్యువులోంచి ఆర్‌ఎన్‌ఏలోకి వచ్చి అతుక్కునే ముక్కల్ని ఎక్సాన్లు అంటారు. 3బి అనే ఎక్సాన్‌కు అటూ ఇటూ ప్రైమర్లు (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పెట్టి, పీసీఆర్ చేసి, అంటే ఆ భాగానికి బోలెడు నకళ్లు తీసి, జెల్ రన్ చేశాను. జెల్‌లో పొడవైన ముక్కలు పైనే ఆగిపోతాయి. యూవీ వెలుగులో మామూలు టిష్యూ వరుసలో ఒకటే బ్యాండ్ కనిపించింది. గడ్డ వరుసలో దానికి కాస్త పైన పలచగా ఇంకొకటి! కోసి సీక్వెన్సింగ్‌కు పంపితే 57 బేస్‌లు (జన్యు అక్షరాలు) ఎక్కువున్న ర్యాక్1బి అని తేలింది. 1999లో పెద్దపేగు గడ్డల్లోనే బయటపడిన రూపం అది. ఆ 57 బేస్‌ల వల్ల 19 అమైనో ఆమ్లాలు అదనంగా చేరి, ప్రోటీన్ ఎక్కువ సేపు జీటీపీ అనే అణువును పట్టుకునే, అంటే ఆన్‌లోనే ఉండిపోతుంది. జన్యువుకొక అంకె వేసే పట్టికలో ఇది ఎలా కనబడుతుంది?

మనిషిలో ఒకటికి మించి ఎక్సాన్లున్న జన్యువుల్లో 90 శాతానికి పైగా ఇలా రకరకాలుగా స్ప్లైస్ అవుతాయని, అంటే ఎక్సాన్లు వేర్వేరు కలయికల్లో అతుక్కుంటాయని 2008లోనే తేలింది. అయినా ఇంకా జన్యువుల మోతాదులు చూపే రంగుల పట్టిక, హీట్‌మ్యాప్, గీసి పని అయిపోయిందనుకుంటున్నారు. నాకు కోపం దీని మీదే.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు ఇంకోటుంది. మామూలు పేగు ముక్క కోసేటప్పుడు లోపలి పొరతో పాటు కింది కండరం కూడా వచ్చేస్తుంది. ఆల్ఫా యాక్టినిన్, కాల్డెస్మాన్, విన్‌క్యులిన్ లాంటి వాటికి ఆ కండరంలో వేరే స్ప్లైస్ రూపాలుంటాయి. గడ్డ ముక్కలో కండరం తక్కువ కాబట్టి ఆ రూపాలు తగ్గినట్టు కనిపిస్తాయి. వెంటనే "క్యాన్సర్ స్ప్లైసింగ్‌ను మార్చేసింది" అని రాసేస్తారు. మారింది కణాల పాళ్లు మాత్రమే! ఇలాంటి ఫలితాల్లో సగం ఇవేనని నా గట్టి నమ్మకం. ఆపరేషన్ తర్వాత ముక్కను ఎంతసేపు బయట ఉంచారో రాయనివాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోయాక ఎక్సాన్ల లెక్కను ఏం నమ్ముతాం?

మీ జన్యువు ఏదో మీరు రాయలేదు. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా ఉంటే ఎక్సాన్లు కలిసే చోట పడిన రీడ్లు (యంత్రం చదివిన చిన్న ముక్కలు) లెక్కపెట్టండి. అంతకంటే ముందు అదే ముక్క స్లైడ్‌ను పాథాలజిస్టుకు చూపించి, గడ్డ కణాలు ఎంత శాతమో, కండరం ఎంతో రాయించుకోండి.