క్వాంటం ఫిజిక్స్: మూలసూత్రాల పరిశోధనా, కంప్యూటింగా? ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. మొదటి నుంచీ మంచి మార్కులే. క్వాంటం సిద్ధాంతపు మూలసూత్రాల మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. అందులో ఉద్యోగాలు ఉండవని, క్వాంటం కంప్యూటింగ్ అయితేనే భవిష్యత్తు అని తెలిసినవాళ్లు అంటున్నారు. అందుకే ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులో చేర్పించాను. రెండింటినీ పోల్చి ఏది మేలో చెప్పండి. ఇప్పుడు ఆలస్యం చేస్తే అవకాశం చేజారిపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ అసలు ప్రశ్న ఆఖరి వాక్యంలో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. కోర్సు పేర్లు మారుతున్నా, అందరూ ముందుకు వెళ్లిపోతుంటే మా పిల్లలు వెనకబడిపోతారేమోనన్న ఆందోళన మాత్రం అన్నింటిలోనూ ఒకటే. అందుకని పోలిక కన్నా ముందు ఆ ఆందోళన గురించే మాట్లాడతాను.

మీరు రెండు దారులుగా చూస్తున్న ఈ రంగాలు చాలా దూరం కలిసే నడుస్తాయి. 1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోసెన్ క్వాంటం సిద్ధాంతం అసంపూర్ణమంటూ లేవనెత్తిన అభ్యంతరం సుమారు మూడు దశాబ్దాల పాటు తాత్త్విక చర్చగానే మిగిలింది. 1964లో జాన్ బెల్ దాన్ని ప్రయోగంతో తేల్చగలిగే ప్రశ్నగా మార్చారు. జంటగా పుట్టిన రెండు ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, దూరదూరంగా ఉంచిన రెండు పోలరైజర్ల (ఒక దిశలో కంపించే కాంతినే పోనిచ్చే పలకల) వద్దకు పంపి, ఒక్కో పోలరైజర్‌ను రెండేసి కోణాలకు మారుస్తూ, రెండు వైపుల ఫలితాలు ఎంత తరచుగా కలుస్తున్నాయో లెక్కపెడతారు. ఫోటాన్లు బయలుదేరేటప్పుడే తమ జవాబులు నిశ్చయమై ఉన్నాయని, ఒకచోట చేసిన కొలత ప్రభావం రెండోచోటికి కాంతిని మించిన వేగంతో చేరదని అనుకుంటే, ఆ లెక్కల నుంచి కట్టే ఒక మొత్తం 2 దాటడానికి వీల్లేదు. క్వాంటం సిద్ధాంతం ప్రకారం మాత్రం అది సుమారు 2.83 వరకు వెళ్లవచ్చు. 1972లో క్లౌజర్, ఫ్రీడ్‌మన్, 1980ల మొదట్లో ఆలెన్ ఆస్పే బృందం, ఫలితాన్ని మరోలా వివరించడానికి వీలిచ్చే ముఖ్యమైన లొసుగులన్నీ మూసివేసి 2015లో చేసిన ప్రయోగాలు, అన్నీ క్వాంటం సిద్ధాంతం వైపే తీర్పు చెప్పాయి. ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకు 2022 నోబెల్ బహుమతి ఈ పనికే వచ్చింది. పరికరం తయారుచేసినవారిని నమ్మాల్సిన అవసరం లేకుండా రహస్య సంకేతాలు పంచుకోవచ్చని అదే ఏడాది వెలువడిన ప్రయోగాలు నిరూపించాయి. వాటికి ఆధారం ఈ బెల్ పరీక్షే.

ఈ రెండు దారులూ కలిసే నడుస్తాయన్న మాటే 2025 నోబెల్ బహుమతి కూడా చెబుతుంది. చేత్తో పట్టుకోగలిగినంత పెద్ద విద్యుత్ వలయం కూడా క్వాంటం నియమాలకు లోబడుతుందా అన్న మౌలికమైన ప్రశ్నతో జాన్ క్లార్క్, డెవొరే, మార్టినిస్ 1980ల మధ్యలో ప్రయోగాలు చేశారు. అప్పుడు వారి ముందు ఏ క్వాంటం కంప్యూటరూ లేదు. నేడు వార్తల్లోకి ఎక్కుతున్న సూపర్ కండక్టింగ్ క్యూబిట్లు (నిరోధం లేకుండా విద్యుత్ ప్రవహించే వలయాలతో చేసిన, క్వాంటం కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే మూల భాగాలు) ఆ వలయాల వారసులే.

ఇక మీరు మోజు పడుతున్న దారి గురించి నా సందేహాలు దాచుకోను. 2019లో గూగుల్ 53 క్యూబిట్లతో చేసిన గణన గొప్ప ప్రయోగమే, కాని ఆ లెక్క ఎవరి అవసరమూ తీర్చే లెక్క కాదు. 2024 చివర్లో అదే సంస్థ వారు 105 క్యూబిట్ల చిప్ మీద, లోపాల సవరణకు వాడే క్యూబిట్ల సంఖ్య పెంచేకొద్దీ తప్పులు తగ్గడం చూశారు. నా దృష్టిలో ఇది అంతకన్నా ముఖ్యమైన అడుగు. అయినా నేటి సంకేత భద్రతను ఛేదించగలిగే యంత్రానికీ ఈ చిప్‌కూ మధ్య ఇంకా చాలా దూరం ఉంది. క్యూబిట్ల సంఖ్య చూసి ఉత్సాహపడేవారు ఒక్కో ఆపరేషన్‌లో ఎంత తప్పు దొర్లుతోందో అడగరు, అడగవలసింది అదే. సూపర్ కండక్టింగ్ వలయాలా, బంధించిన అయాన్లా, తటస్థ పరమాణువులా, చివరికి ఏది నిలుస్తుందో ఇంకా తేలలేదు. తప్పులు తక్కువగా చేసే క్యూబిట్లకు ఆధారమవుతాయని ఆశపడ్డ మయోరానా స్థితులు కనిపించాయంటూ 2018లో ఎంతో పేరు తెచ్చుకున్న ఒక పరిశోధనా పత్రాన్ని 2021లో ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఇంతగా మారుతున్న రంగంలో ఒక పరికరాన్నో, ఒక సాఫ్ట్‌వేర్‌నో పట్టుకుని వేలాడేవారే ముందుగా ఇబ్బంది పడతారు.

ఈ రంగంలో నిజంగా ఉన్న ఉద్యోగాలు ఎలాంటివో కూడా చూడండి. సూపర్ కండక్టింగ్ క్యూబిట్ల ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థి పగలంతా చేసేది తెర మీద గేట్లు, అంటే క్వాంటం గణనలోని ఒక్కో మెట్టూ, అమర్చడం కాదు. డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ అనే అతిశీతల యంత్రంలో కేబుళ్లు బిగించడం, అది 10, 20 మిల్లీకెల్విన్ల దాకా, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకు అతి దగ్గరగా, చల్లబడేవరకు కాచుకోవడం, తీరా చల్లబడ్డాక ఒక కనెక్టర్ వదులైందని తెలిస్తే మళ్లీ వేడెక్కించి విప్పడం, క్యూబిట్ తన స్థితిని ఎన్ని మైక్రోసెకన్లు నిలుపుకుంటోందో వందల మార్లు కొలవడం, ఇవీ ఆ పనులు. పరిశ్రమ వెతికేది ఈ ఓర్పునూ ఈ చేతి నైపుణ్యాన్నీ. కొన్ని వారాల సర్టిఫికెట్ వీటిని ఇవ్వలేదు. క్వాంటం సిద్ధాంతానికి మూలమైన ష్రోడింగర్ సమీకరణంలో గట్టి పట్టున్న విద్యార్థి క్వాంటం ప్రోగ్రామింగ్‌ను తక్కువ కాలంలోనే నేర్చుకోగలుగుతుంది. ప్రోగ్రామింగ్‌తో మొదలుపెట్టినవారికి ఆ పట్టు అంత త్వరగా రాదు.

మీ అమ్మాయి వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త చెప్పాలి. క్వాంటం సిద్ధాంతానికి అర్థం ఏమిటి, అన్న వ్యాఖ్యానాల మీద మాత్రమే పనిచేసే స్థానాలు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. అదే ప్రశ్నలను క్వాంటం సమాచార సిద్ధాంతం ద్వారానో, కాంతితో చేసే ప్రయోగాల ద్వారానో, అతి సూక్ష్మమైన కొలతల ద్వారానో పట్టుకుంటే దారి చాలా విశాలమవుతుంది. నేటి ఉత్తమ ఆప్టికల్ గడియారాలు, గురుత్వ తరంగాలను పట్టే లైగోలో వాడుతున్న స్క్వీజ్డ్ కాంతి (కొలతకు అడ్డొచ్చే క్వాంటం ఊగిసలాటను తగ్గించిన కాంతి), ఇవన్నీ మూలసూత్రాలను లోతుగా అర్థం చేసుకున్నవారి చేతి పనులే. పీహెచ్‌డీకి నాలుగైదేళ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే పడుతుందన్నది ఆమెకూ మీకూ ఇప్పుడే తెలిసి ఉండాలి.

ఇప్పుడు మీతో కాస్త కటువుగా మాట్లాడక తప్పదు. మీ ఉత్తరంలో అమ్మాయి మార్కుల ప్రస్తావన ఉంది, తెలిసినవాళ్ల అభిప్రాయాలు ఉన్నాయి. ఆమె ఏ ప్రశ్న మీద మనసు పడింది, ఏ పుస్తకం తిరగేస్తోంది, ప్రయోగశాలలో చేయడం ఇష్టమా, కాగితం మీద లెక్క కట్టడం ఇష్టమా, వీటిలో ఒక్కటీ లేదు. ఆమెను అడగకుండానే కోర్సులో చేర్పించినట్లు మీ మాటలే చెబుతున్నాయి. ఇరవై ఏళ్ల మనిషి తన జీవితకాలపు పనిని ఎంచుకుంటుంటే కన్నవారు ఆమెను తప్ప అందరినీ సంప్రదించడం న్యాయం కాదు. మీ ప్రేమను నేను శంకించడం లేదు. ఆ ప్రేమ ఆమె మాట వినడంతో మొదలుకావాలని అడుగుతున్నాను.

భయం విషయానికొస్తే, చేజారిపోయేది ఏదీ లేదు. బెల్ ప్రశ్నకు ప్రయోగశాలలో తొలి జవాబు రావడానికి 8 ఏళ్లు పట్టింది, లొసుగులు మూయడానికి మరో నాలుగు దశాబ్దాలు. లోపాలను తనంతట తాను సవరించుకునే పెద్ద క్వాంటం యంత్రం కూడా రేపో మాపో వచ్చేది కాదు. మీ అమ్మాయి పరిశోధన ముగించేనాటికి ఈ రంగానికి మనుషులు ఇంకా కావలసే ఉంటారు. ఒకవేళ ఆమె ఫిజిక్స్ వదిలివెళ్లినా లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, కొలతల్లో దోషాన్ని అంచనా కట్టడం, ప్రోగ్రామింగ్ ఆమెతోనే వస్తాయి. వీటికి గిరాకీ క్వాంటం అన్న పేరు మీద ఆధారపడి లేదు. ఇంట్లో ఆదాయం త్వరగా అవసరమైతే అది వేరే సంగతి. అప్పుడు మాస్టర్స్ తర్వాత ఆప్టిక్స్, సెమీకండక్టర్ పరికరాలు, డేటా విశ్లేషణ వంటి పనుల్లోకి వెళ్లవచ్చు. అలాంటి అవసరం ఉంటే ఆమెకు దాచకుండా చెప్పండి.

ఆ సర్టిఫికెట్ కోర్సు కొనసాగించాలో వద్దో ఆమెకే వదిలేయండి. ఆమెకు నా తరఫున ఒక పని అప్పగించండి: జంట స్పిన్‌ల సింగ్లెట్ స్థితి తీసుకుని, రెండు వైపులా కొలిచే దిశల మధ్య కోణాన్ని బట్టి ఫలితాల పొందిక ఎలా మారుతుందో పౌలీ మాత్రికలతో చేత్తో లెక్కకట్టమనండి. తర్వాత అదే ఫలితాన్ని చిన్న ప్రోగ్రామ్ రాసి సరిచూసుకోమనండి. కాగితం మీది లెక్క ఎక్కువ పట్టేసిందో, ప్రోగ్రామా, లేక దీన్ని నిజమైన ఫోటాన్లతో ఎలా చేస్తారన్న ఆలోచనా, ఆ సంగతి రాస్తూ ఈసారి ఉత్తరం ఆమెనే పంపమనండి. మాస్టర్స్‌కు ఏ తరహా బృందాలను వెతకాలో అది చూశాక చెప్పగలను.