ఇంగ్లీషు క్లబ్బులో ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారు?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది నరసరావుపేట దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీటెక్. రెండు కంపెనీల్లో టెక్నికల్ రౌండ్ దాటాను కానీ హెచ్‌ఆర్ రౌండ్‌లో నోరు పెగల్లేదు. నాలాంటి వాళ్ళం ఏడుగురం కలిసి ఇంగ్లీషు ప్రాక్టీస్ కోసం ఒక క్లబ్బు పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం సాయంత్రం గంటన్నర. ఒక ట్యూషన్ సెంటర్ వాళ్ళు గది ఇచ్చారు. మొదటి వారం పద్దెనిమిది మంది వచ్చారు, ఆరో వారానికి అయిదుగురం మిగిలాం. ఎప్పుడూ ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్ళు తల ఊపుతూ కూర్చుంటారు. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని భయం. బయట ఫ్రెండ్సేమో ‘ఇంగ్లీషు దంచుతున్నారట’ అని ఏడిపిస్తున్నారు. తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైన్ అని పెట్టాం, దాంతో గదిలో ఇంకా నిశ్శబ్దం. ఒక లెక్చరర్‌ని పెట్టుకుంటే క్లబ్బు నిలబడుతుందా?
– ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: తమ్ముడూ, ముందు ఒక లెక్క వేద్దాం. గంటన్నర అంటే 90 నిమిషాలు. పద్దెనిమిది మంది గుండ్రంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే మనిషికి వచ్చేది 5 నిమిషాలు. అదీ అందరూ సమానంగా పంచుకుంటేనే. మీ దగ్గర ఇద్దరే మాట్లాడారు. అంటే మిగతా పదహారు మంది ఆదివారం సాయంత్రం పని మానుకుని, బండిలో పెట్రోలు పోయించుకుని వచ్చి, వినేసి వెళ్ళారు. వినడానికైతే ఇంట్లో ఫోన్ ఉంది కదా, మళ్ళీ ఎందుకు వస్తారు? వాళ్ళకి ఆసక్తి లేక మానేశారని అనుకోవద్దు, మాట్లాడే వంతు రాక మానేశారు.

అదే పద్దెనిమిది మందిని తొమ్మిది జతలు చేసి చూడు. ఒకే సమయంలో తొమ్మిది మంది మాట్లాడుతుంటారు, మనిషికి దాదాపు 45 నిమిషాలు వస్తాయి. గది చేపల మార్కెట్‌లా ఉంటుంది, ఉండనివ్వు. ఆ గోలలో మన తప్పు ఎదుట కూర్చున్న ఒక్కరికి తప్ప ఎవరికీ వినపడదు గనక బాగా సిగ్గుపడేవాళ్ళ నోరు కూడా అక్కడే తెరుచుకుంటుంది. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ, పక్కన సాయంత్రాలు ఇలాంటి క్లబ్బు ఒకటి తొమ్మిదేళ్ళు నడిపాను. ఏ వారం ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో చూసుకోవడం మొదలుపెట్టాకే అది నిలబడింది.

జతల్లో కూర్చోబెట్టి ఏం చేయించాలి అంటావా, 4-3-2 అని ఒక పద్ధతి ఉంది. న్యూజిలాండ్‌కి చెందిన పాల్ నేషన్ అనే భాషా బోధన ప్రొఫెసర్ రాతల వల్ల ఇంగ్లీషు టీచర్లలో బాగా తెలిసిన పద్ధతి ఇది. ఒకే విషయాన్ని మొదట ఒకరికి 4 నిమిషాల్లో చెప్పాలి, తర్వాత జత మారి రెండో మనిషికి అదే విషయం 3 నిమిషాల్లో, మూడో మనిషికి 2 నిమిషాల్లో. వినేవాళ్ళు మధ్యలో ఆపకూడదు. మొదటిసారి మాటల కోసం వెతుక్కుంటూ సగంలో ఆగిపోయిన మనిషే మూడోసారి గడగడా చెప్పేస్తుంటే కళ్ళారా చూడొచ్చు. కొత్తగా నేర్చుకున్నది ఏమీ ఉండదు, వచ్చిన మాటలే నోట్లో కుదురుకుంటాయి. వినేవాళ్ళు మారుతున్నారు గనక చెప్పిందే చెబుతున్నానన్న విసుగూ ఉండదు.

టాపిక్స్ దగ్గర చాలా క్లబ్బులు దెబ్బతింటాయి. గ్లోబల్ వార్మింగ్, సోషల్ మీడియా లాభాలు నష్టాలు లాంటివి పెడితే తెలుగులో కూడా మనం నాలుగు నిమిషాలు మాట్లాడలేం. తెలిసిన విషయం పెట్టండి. ఆధార్‌లో అడ్రస్ మార్పించుకోవడానికి ఎన్నిసార్లు తిరిగావో చెప్పు. మీ ఇంట్లో గోంగూర పచ్చడి ఎలా చేస్తారో, మిరప చేలో ఏ నెలలో ఏ పని ఉంటుందో, నీ బీటెక్ ప్రాజెక్ట్ ఎక్కడ చెడిపోయి మళ్ళీ ఎలా పనిచేసిందో చెప్పు. హెచ్‌ఆర్ రౌండ్‌లో అడిగేది కూడా చివరికి ఇదే, నీ గురించి నువ్వు చెప్పు అని.

ఫైన్ మాత్రం ఈ వారమే తీసెయ్యండి. మాట దొరకనప్పుడు తెలుగు మాట వేసి వాక్యం పూర్తి చెయ్యమనండి. ‘మై గ్రాండ్‌మదర్ యూజ్డ్ టు కీప్ ఇట్ ఇన్ ద ఉట్టి’ అన్నారనుకో, వాక్యం ఆగలేదు కదా, అంతే చాలు. ఉట్టికి ఇంగ్లీషు మాట తర్వాత వెతుక్కోవచ్చు. పది రూపాయలు పోతాయన్న టెన్షన్‌లో మనిషి మాట మార్చుకోడు, మాట్లాడటమే మానేస్తాడు.

ఇక తప్పులు దిద్దడం. ఇది నేను పోగొట్టుకుని తెలుసుకున్న విషయం. క్లబ్బు పెట్టిన రెండో ఏడాది, సెల్ షాపులో పనిచేసే ఒక కుర్రాడు వచ్చేవాడు. ఒకరోజు నీళ్ళలో పడిన ఫోన్‌ని ఎలా బాగుచేశాడో చెబుతున్నాడు. చేతులు కూడా ఆడిస్తున్నాడు, చిన్న స్క్రూ తీసినట్టు, బ్రష్‌తో తుడిచినట్టు. ‘ఇట్ డిడ్ నాట్ వర్క్‌డ్’ అన్నాడు. నేను అలవాటుకొద్దీ ‘డిడ్ నాట్ వర్క్’ అన్నాను. అతను ఆగాడు. చేతులు కిందికి దించాడు. ‘దట్స్ ఆల్ మేడమ్’ అని కూర్చున్నాడు. పై వారం రాలేదు, ఆ పై వారమూ రాలేదు. కొన్ని నెలల తర్వాత షాపులో కనిపిస్తే, ఏం బాబూ రావడం లేదని అడిగాను. ‘ఆ రోజు చెప్పాల్సింది ఇంకా చాలా ఉండింది మేడమ్’ అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆ తర్వాత నుంచి మా దగ్గర ఒకటే రూలు, మాట్లాడుతుండగా ఎవరూ ఎవర్నీ దిద్దకూడదు. ఒకరు జతల మధ్య తిరుగుతూ నోట్‌బుక్‌లో రాసుకుంటారు, పేర్లు రాయరు. చివరి పది నిమిషాల్లో అయిదు వాక్యాలు బోర్డు మీద పెడతారు, అందరూ కలిసి సరిచేస్తారు. అక్కడ ఒక విషయం మీరే గమనిస్తారు, సగం తప్పులకి మూలం తెలుగే. ఫ్యాన్ వెయ్యి అంటాం గనక ‘పుట్ ద ఫ్యాన్’ అంటాం. నాకు జ్వరం వచ్చింది అంటాం గనక ‘ఫీవర్ కేమ్ టు మీ’ అంటాం. ‘అతను రాలేదా?’ అని అడిగితే మనం ‘అవును, రాలేదు’ అంటాం, అడిగినవాళ్ళ మాట నిజమేనని ఒప్పుకుంటూ. ఇంగ్లీషులో ఆ లెక్క వేరు, జవాబులో నాట్ ఉంటే ముందు నో రావాలి: ‘నో, హి డిడ్ నాట్ కమ్.’ మనవాళ్ళు ‘యెస్, హి డిడ్ నాట్ కమ్’ అంటే వినేవాళ్ళు వచ్చాడో రాలేదో తెలియక తికమకపడతారు. ఇంటర్వ్యూలో ఇది నిజంగానే ఇబ్బంది పెడుతుంది. ఇలా కారణంతో సహా బోర్డు మీద కనిపించాక, నాకు తెలివి లేదు అన్న బాధ పోతుంది, మన భాష ఒకలా కడుతుంది వాళ్ళ భాష ఇంకోలా కడుతుంది అని తెలుస్తుంది. నవ్వడం కూడా దానంతట అదే తగ్గుతుంది, ఎందుకంటే ఆ వాక్యం అందరి నోటా వచ్చిందే.

లెక్చరర్ ప్రతి వారం అక్కర్లేదు. ఆయన వస్తే గంట సేపు ఆయనే మాట్లాడతారు, నా సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. నెలకి ఒకసారి పిలిచి, ఆ నోట్‌బుక్ చేతిలో పెట్టి, మీకు తేలనివి అడగండి.

టోస్ట్‌మాస్టర్స్ అని విన్నావేమో, 1924లో అమెరికాలో శాంటా ఆనా అనే ఊళ్ళో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంస్థ. విజయవాడ, విశాఖ, హైదరాబాద్‌లలో వాళ్ళ క్లబ్బులున్నాయి. అది ప్రధానంగా వేదిక మీద ప్రసంగం కోసం, సభ్యత్వానికి ఫీజు ఉంటుంది. ఇప్పుడే చేరాల్సిన పని లేదు, అతిథిగా ఒకసారి వెళ్ళి చూసి రా. వాళ్ళ దగ్గర నుంచి రెండు పనులు మాత్రం తెచ్చుకోండి. టైమ్ చూసే మనిషి ఒకరు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు చూపిస్తూ. ‘ఆ..’, ‘అంటే..’, ‘యాక్చువల్లీ’ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టే మనిషి ఇంకొకరు. ప్రతి వారం ఈ పనులు చేతులు మారాలి, మాట్లాడటానికి భయపడే వాళ్ళకి ముందు ఇవ్వాలి. చేతిలో పని ఉన్న మనిషి వారం వారం వస్తాడు.

రోజు, టైమ్ మార్చకండి. ఈ వారం ఎవరెవరు వస్తున్నారు అని వాట్సాప్‌లో అడగొద్దు, అడిగితే రాని వాళ్ళని చూసి వచ్చేవాళ్ళు కూడా ఆగిపోతారు. నలుగురే ఉన్నా ఆరింటికి మొదలుపెట్టండి, ఎందుకంటే నలుగురంటే రెండు జతలు. ఏడిపించే ఫ్రెండ్స్ సంగతి, వాళ్ళలో ఒకర్ని టైమ్ చూడటానికి పిలవండి.

ప్రశ్న: మేడమ్, క్లబ్బులో ఎవరికీ ఇంగ్లీషు సరిగా రాదు. తప్పులు మాట్లాడేవాళ్ళతో మాట్లాడితే నాకూ ఆ తప్పులే అలవాటవుతాయి కదా?
– బీకామ్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: నీ అనుమానంలో కొంత నిజం ఉందమ్మా. మీలో మీరే మాట్లాడుకుంటూ, బయటి నుంచి మంచి ఇంగ్లీషు ఏమీ లోపలికి రాకపోతే ఆ కొద్ది మాటల చుట్టూనే తిరుగుతారు. అందుకని మాట్లాడే ముందు పది నిమిషాలు ఏదైనా చదవండి, లేదా వినండి. చదివాక కాగితం మూసేసి జతలో ఒకరికి ఒకరు చెప్పుకోండి. ఇంగ్లీషు పేపర్లో ఎడిటోరియల్ చదవమని అందరూ చెబుతారు, నేను చెప్పను. ఆ వాక్యాలు నోటితో పలికేవి కావు. స్పోర్ట్స్ పేజీ, పాఠకుల ఉత్తరాలు, జిల్లా వార్తలు తీసుకో. ‘రిజైన్డ్’, ‘వాజ్ డిలేడ్ బై టు అవర్స్’ లాంటివి రేపు నీ నోట్లో కూడా పడతాయి. ఇంకో సంగతి, గ్రామర్ అంతా వచ్చాకే మాట్లాడతానని ఆగిన వాళ్ళలో చివరికి మాట్లాడినవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు.

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ దాకా చదివాను, పెళ్ళయ్యాక ఇంటి దగ్గరే బీడీలు చుడుతున్నాను. మా పాప ప్రభుత్వ బడిలో మూడో తరగతి, ఇప్పుడు అంతా ఇంగ్లీషు మీడియం. హోంవర్క్ అడిగితే నాకు చెప్పడం రావడం లేదు, అదే బాధ. మా వాడకట్టులో నాలాంటి వాళ్ళం ఆరుగురం ఉన్నాం. మాకూ క్లబ్బు కుదురుతుందా? మగవాళ్ళు నవ్వుతారని మా వాళ్ళు జంకుతున్నారు.
– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: కుదురుతుంది చెల్లెమ్మా, పైగా మీకున్నంత స్పష్టమైన అవసరం ఉంటే క్లబ్బు తొందరగా నిలబడుతుంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం దశలవారీగా తెచ్చినప్పుడు, పిల్లలకి రెండు భాషల పుస్తకాలు ఇచ్చారు. ఒక పేజీలో ఇంగ్లీషు, దాని పక్క పేజీలో అదే పాఠం తెలుగులో. మీ పాప సంచిలో అలాంటిది ఉంటే మీ క్లబ్బుకి వేరే పుస్తకం కొనక్కర్లేదు. అర్థం పక్కనే ఉంది, డిక్షనరీ తిరగేసే పని కూడా లేదు.

మధ్యాహ్నం బీడీల చాటలు ముందు పెట్టుకుని కూర్చునే టైమ్‌లోనే పెట్టుకోండి. చేతులు ఎటూ పనిలో ఉంటాయి, నోరు ఖాళీయే కదా. ఒకరు తెలుగు పేజీ చూసి ఒక వాక్యం చెప్పాలి, పక్కనున్న వాళ్ళు ఇంగ్లీషులో అనాలి, రాకపోతే పేజీ చూసి పైకి చదవాలి. అరగంట చాలు. పలకడం తప్పుతుందేమో అనిపిస్తే పాపనే అడగండి. అమ్మకి తను చెప్పడం పిల్లలకి ఎంత ఇష్టమో, ఆ ముఖం మీరే చూస్తారు. అది చిన్నతనం ఏమీ కాదు, పాప పాఠం కూడా అక్కడే గట్టిపడుతుంది.

ఆరుగురూ ఆడవాళ్ళే ఉంటే తప్పేం లేదు, ఎవరినీ పిలవాల్సిన పని లేదు, ఎవరికీ చెప్పాల్సిన పని కూడా లేదు. మొదటి రోజు పాఠం కూడా వద్దు, బడికి వెళ్ళినప్పుడు టీచర్‌తో అనే మాటలు నాలుగు అనుకోండి: ‘హౌ ఈజ్ మై డాటర్ డూయింగ్?’, ‘విచ్ సబ్జెక్ట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ హర్?’ లాంటివి. ఒకరు టీచర్‌గా, ఒకరు తల్లిగా కూర్చుని, ఆరుగురూ వంతులు మార్చుకుని ఆడండి. టీచర్ మీతో తెలుగులోనే మాట్లాడతారు, ఫర్వాలేదు. ఆ రెండు మాటలు మీరు ఇంగ్లీషులో అడిగి, మిగతాది తెలుగులో మాట్లాడుకుని రండి. ఎలా జరిగిందో నాకు రాయండి.