ఏ ప్రేమ సంగతి అడుగుతున్నారు?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రేమ గురించే. తీరా చదివితే ఒకరు ప్రేమ అని రాసింది వలపు, ఇంకొకరిది మమకారం, మరొకరిది చేబదులు. ఏడు ఉత్తరాలకు జవాబిస్తున్నాం. పేర్లు వేయలేదు.

? నేను తెలుగమ్మాయిని, అతను ఒడియా. "ముఁ తుమకు భల పాఏ" అన్నాడు. నాకది "నువ్వు నచ్చావు" అన్నట్టే వినబడింది. ప్రేమైతే ప్రేమ అనొచ్చుగా? (బరంపురం)

అతను తక్కువేం అనలేదమ్మా. భల అంటే మంచి, పాఇబా అంటే పొందడం. రెండూ కలిస్తే ఒడియాలో ప్రేమించడమే. చిక్కేమిటంటే ఆ మాట తల్లికీ, చెల్లెలికీ, మనసుపడ్డ పిల్లకీ ఒకటే. నచ్చింది అనడానికి "భల లాగే" అని వేరే ఉంది. పఖాళ అనే చద్దన్నం నచ్చినా, చీర నచ్చినా అదే. అతను అది వదిలి ఇది అన్నాడు కాబట్టి నచ్చడం దాటిన సంగతే. "ప్రేమ కరే" అని ఉంటే అనుమానమే ఉండేది కాదు గానీ, ఎదురుగా నిలబడి అంత మాట అనడానికి కొందరికి నోరు రాదు. సరిహద్దులో మాటలతో ఈ తంటా ఎప్పుడూ ఉన్నదే. అటు సిరొంచ వైపు మరాఠీ అత్తగారు నీ మీద నాకు "మాయా" ఉందంటే కొత్త తెలుగు కోడలు ఉలిక్కిపడుతుంది. వాళ్లకు మాయా అంటే కన్నతల్లికుండే ఆపేక్ష.

"మీ ఇంట్లో ఎప్పుడు చెబుతావు?" అని అడిగి చూడండి. నెలా తారీఖూ చెబితే పెళ్లి ఉద్దేశం ఉన్నట్టు. అప్పుడు దారి ఇదీ. ఇద్దరూ హిందువులైతే కులం, భాష వేరైనా 1955 హిందూ వివాహ చట్టం సరిపోతుంది. ముందు నోటీసు అక్కర్లేదు. మీ ఆచారమో అతనిదో, ఏదో ఒక పద్ధతిలో తంతు జరగాలి, తర్వాత రిజిస్ట్రేషన్. మతం వేరైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసివ్వాలి, ఆపైన 30 రోజులు అభ్యంతరాలకు గడువు, నోటీసిచ్చిన 3 నెలల్లోపు ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి. 3 నెలలు దాటితే మళ్లీ కొత్త నోటీసు. ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం మొదటి దారిలో. తంతు లేకుండా సర్టిఫికెట్ ఒక్కటీ సంపాదించి పెళ్లయిందనుకుంటారు. అలాంటిది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫొటోలు, పురోహితుడి సంతకం, రెండు వైపులా సాక్షులు దాచుకోండి.

? ప్రేమల్లో ఏది పెద్దది? నేను తల్లిప్రేమ అంటాను, మా ఆవిడ ఒప్పుకోదు. (ఛత్రపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు)

ఈ వాదన 500 ఏళ్ల కిందట గోదావరి ఒడ్డున జరిగింది మాస్టారూ. చైతన్య మహాప్రభువు పూరీ నుంచి దక్షిణానికి వస్తూ రాజమహేంద్రవరం దగ్గర రామానంద రాయలను కలిశాడు. ఈయన గజపతి ప్రతాపరుద్రుడి తరఫున ఆ సీమకు అధికారి. మనిషి సాధించవలసింది ఏమిటని చైతన్యుడు అడుగుతాడు, రామానందుడు మెట్టు మెట్టుగా చెబుతాడు. స్వధర్మం అని ఈయన చెబితే "ఇది పైపైది, ఇంకా చెప్పు" అంటాడు ఆయన. జ్ఞానంతో కలిసిన భక్తి అన్నా అదే మాట. అలా దాస్యం, సఖ్యం, వాత్సల్యం (తల్లిప్రేమ) మీదుగా కాంతాభావం (ప్రియురాలి ప్రేమ) దాకా పోతుంది. అంటే ఆ లెక్కలో గెలుపు మీ ఆవిడదే.

కారణం చూడండి. పంచభూతాలతో పోలిక తెస్తారు. ఆకాశానికి గుణం శబ్దం ఒక్కటే. గాలికి దానిమీద స్పర్శ చేరుతుంది. నేల దగ్గరికొచ్చేసరికి ఐదూ ఉంటాయి. అలాగే శాంతభావానికి నిష్ఠ, దాస్యంలో దానిమీద సేవ, సఖ్యంలో బెరుకు లేని చనువు, వాత్సల్యంలో మందలించే అధికారం, కాంతాభావంలో తనను తాను ఇచ్చేసుకోవడం. పై మెట్టులో కింది మెట్లన్నీ ఉంటాయి. అది దేవుడి విషయంలో చెప్పిందే, సంసారానికి పట్టించడం మా చొరవ. కానీ పనికొస్తోంది. దంపతుల తగాదా వస్తే వలపు తగ్గిందా అని చూడకండి, కింద ఏ మెట్టు ఊడిందో చూడండి. జ్వరమొస్తే మందందించే సేవ చాలా ఇళ్లలో ఉంటుంది. "నీ మాట నాకు నచ్చలేదు" అని భయం లేకుండా అనగలిగే చనువే ముందు పోతుంది. 1986లో రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త సాన్నిహిత్యం, మోహం, కట్టుబాటు అని మూడు పాళ్లు తీసి, వాటి కలయికలతో ఏడు రకాల ప్రేమలు చెప్పాడు. బాగానే ఉంది గానీ ఏది లేకపోతే ఏది కూలుతుందో మెట్ల లెక్కలోనే తేలిగ్గా తెలుస్తుంది.

? మా మేనమామ కొడుకంటే నాకిష్టం, ఇంట్లోనూ సరేనన్నారు. కాలేజీలో ఒడియా స్నేహితురాళ్లు "అన్నయ్యను చేసుకుంటావా" అని మొహం చిట్లిస్తున్నారు. నాది తప్పుడు ప్రేమా? (గుణుపురం)

తప్పు కాదు తల్లీ, వరస తేడా. వాళ్ల ఇళ్లలో మేనమామ కొడుకు కూడా భాయే. నువ్వు పుట్టినప్పటి నుంచీ "బావ" అని పిలుస్తున్న మనిషిని వాళ్లు అన్న అని పిలుస్తూ పెరిగారు. వాళ్ల ఏవగింపు నటన కాదు, నీ ఇష్టమూ కాదు. వాదించకు, వరసలు వివరించి ఊరుకో.

చట్టం మాటకొస్తే, హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్ అన్నాచెల్లెళ్ల బిడ్డల మధ్య పెళ్లిని నిషేధించిన చుట్టరికాల్లోనే పెట్టింది. ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే మాత్రం చెల్లుతుంది. మీ రెండు కుటుంబాల్లో మేనరికాలు తరతరాలుగా ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. రిజిస్ట్రేషన్ దగ్గర ఆచారం తెలియని గుమాస్తా అడ్డు చెబితే, వంశంలో జరిగిన పాత మేనరికాల వివరాలు పెద్దల సంతకంతో ఇవ్వండి.

మనసు పరీక్ష ఒకటుంది. "నీ మొగుడొచ్చాడే" అని చిన్నప్పుడు ఆటపట్టించిన మాటే ఇష్టంగా గట్టిపడిందా, పెద్దయ్యాక చూసి ఇష్టపడ్డావా? అతను మీ బంధువులెవరూ లేని ఊళ్లో, వేరే పేరుతో ఎదురైనా ఇష్టపడేదానివా అని ఆలోచించు. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో పసితనం నుంచీ పెరిగినవాళ్ల మధ్య వలపు పుట్టదని 1891లోనే వెస్టర్‌మార్క్ అనే పండితుడు అన్నాడు. మేనరికాలు నిలవడానికి కారణం బావామరదళ్లు వేరే ఊళ్లలో పెరిగి పండగలకే కలుసుకోవడం అని మా అభిప్రాయం. నువ్వు అమ్మమ్మగారింట్లోనే పెరిగుంటే ఇంకో ఏడాది ఆగడం మంచిది.

ఆరోగ్యం సంగతి దాచకూడదు. మామూలు దంపతులకు పుట్టే 100 మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో లోపాలు ఉంటే, మేనరికంలో నలుగురి నుంచి ఆరుగురు. మీ వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు కూడా ఉంది. పెళ్లి ఖాయం చేసుకోకముందే ఇద్దరూ హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. ఇద్దరిలోనూ ఆ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒక్కరిలోనే ఉండి, రెండోవారి పరీక్షలో మరే లోపమూ లేకపోతే బిడ్డకు ఆ జబ్బు రాదు. లగ్నపత్రిక రాసుకున్నాక పరీక్ష చేయిస్తే ఫలితం ఎలా వచ్చినా ఎవరూ వెనక్కి తగ్గరు, అందుకే ముందు అంటున్నాం.

? వయసు 68. ప్రేమ ఉంటే ఇల్లు తన పేరున రాయమంటున్నాడు అబ్బాయి. రాయకపోతే ప్రేమ లేనట్టా? (పర్లాకిమిడి)

దస్తావేజుల్లో "ప్రేమాభిమానాలచేత" అన్నది వట్టి అలంకారం కాదండీ. 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రతిఫలం లేని ఒప్పందం ఆ దారిన చెల్లాలంటే రాతలో ఉండాలి, రిజిస్టరవ్వాలి, దగ్గరి చుట్టరికం ఉండాలి, దానికి తోడు సహజమైన ప్రేమాభిమానాలూ ఉండాలి. 1900లో కలకత్తా హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. విడిగా ఉండటానికి ఖర్చులిస్తానని భర్త భార్యకు రాసి రిజిస్టర్ చేశాడు. ఆ కాగితంలోనే ఇద్దరి గొడవల ప్రస్తావన ఉంది. ఆలుమగలైనంత మాత్రాన ప్రేమ ఉన్నట్టు కాదని కోర్టు ఆ ఒప్పందం చెల్లదంది.

మీ ఇంటి విషయానికి మూడు దారులు. వీలునామా రాస్తే ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రెండోది, ఇల్లు అబ్బాయికి రాసి బతికున్నంతకాలం ఉండే హక్కు మీకూ మీ భార్యకూ అట్టేపెట్టుకోవడం. ఇందులో భార్య పేరు మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. మూడోది నేరుగా దానపట్టా. రిజిస్టరై, ఇద్దరు సాక్షులు సంతకాలు చేసి, అబ్బాయి స్వీకరించాడా, ఇక మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. ఈ మూడోదే రాయాల్సొస్తే "మమ్మల్ని చివరిదాకా పోషించాలన్న షరతు మీద" అన్న వాక్యం అందులో ఉండి తీరాలి. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పితే పట్టా రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. షరతు లేకపోతే ఆ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ట్రిబ్యునల్ దగ్గర నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చూ కోరవచ్చు, లాయరు అక్కర్లేదు.

ఇంకొకటి. మీ దగ్గర దస్తావేజు ఒడియాలో ఉంటుంది. ఒడియా మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోతే, పూర్తిగా తెలుగులో చదివించుకుని, అలా చదివి వినిపించినట్టు అందులోనే రాయించండి. అబ్బాయికి ఏమనాలంటారా? "నీకే వస్తుంది, మా తర్వాత" అనండి. ఆ మాటకు అలిగితే, అడుగుతున్నది ప్రేమ కాదు, ఇల్లు.

? మావారికి చిన్నప్పటి "మహాప్రసాద్" నేస్తం ఉన్నాడు. రెండేళ్ల కిందట 40,000 చేబదులిచ్చారు. అడగమంటే మహాప్రసాద్‌ను డబ్బడగడం పాపమంటారు. (కాశీనగర్)

చదివేవాళ్లలో తెలియనివాళ్లకు: జగన్నాథుడి మహాప్రసాదం ఒకరికొకరు తినిపించుకుని నేస్తం కట్టడం ఒడిశాలో పాత ఆచారం. ఆపైన ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, "మహాప్రసాద్" అనే పిలుస్తారు. కులం అడ్డురాదు. పెళ్లిలాగే తంతుతో కట్టుకునే స్నేహం ఇది, మీవారి పట్టింపు అర్థం చేసుకోదగ్గదే.

అయినా గడువుంది. చేబదులు దావాకు ఇచ్చిన రోజు నుంచి 3 ఏళ్లే. మీకింకా ఒక ఏడాది మిగిలింది. దావా వేయమనడం లేదు. ఆలోపు "ఫలానా తేదీన 40,000 తీసుకున్నాను, ఇవ్వాల్సి ఉంది" అని ఆయన చేత తేదీ వేయించి సంతకం పెట్టించుకుంటే, అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు. గడువు దాటాక పెట్టిన సంతకం ఇలా పనిచేయదు. నోటిమాటగా ఒప్పుకోవడమూ లెక్కలోకి రాదు. అడిగేది మీవారే, మీరు కాదు. "నెలకు 2,000 చొప్పున 20 నెలలు" అని ఆయనే దారి చూపిస్తే నేస్తానికి తలవంపు ఉండదు. సఖ్యంలో చనువుంటుందని పైన మాస్టారికి చెప్పాం, ఆ చనువు వాడాల్సింది ఇక్కడే.

? ఆ అమ్మాయి వద్దంది. అయినా రోజూ కాలేజీ దాకా వెనకాలే వెళ్తున్నాను. నిజమైన ప్రేమైతే ఎప్పటికైనా కరగదా? (రాయగడ)

రేపటి నుంచి మానెయ్యి బాబూ. ఒకసారి అడిగావు, వద్దంది, అయిపోయింది. వద్దన్నాక వెంటపడటం, ఫోన్‌లో వేధించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి 3 ఏళ్ల దాకా, మళ్లీ చేస్తే 5 ఏళ్ల దాకా జైలు. నంబరు తీసెయ్యి, కాలేజీకి వేరే దారిలో వెళ్లు, ఆమె స్నేహితురాళ్లను రాయబారానికి పంపకు. నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే 14416 టెలిమానస్‌కు (ప్రభుత్వ మానసిక సహాయ నంబరు) ఫోన్ చెయ్యి, డబ్బు కట్టక్కర్లేదు. ఇది చదువుతున్న అమ్మాయిలకు: ఎవరైనా వెంటపడితే 181 (మహిళా సహాయ నంబరు), లేదా 112 (అత్యవసర నంబరు).

? పెళ్లయి 34 ఏళ్లు. మా ఆవిడకు ప్రేమ అన్న మాట ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలంటే సిగ్గు. ఏమని చెప్పాలి? (జయపురం)

ఆ మాట మానేయండి, ఆవిడ నవ్వుతుంది. ఇన్నేళ్లూ "ఏమే", "ఇదిగో", "మీ అమ్మను పిలువురా" అని గడిపేసి ఉంటారు. ఆవిడ పేరు పెట్టి పిలవండి. మంచినీళ్లకో కళ్లజోడుకో కాకుండా, ఏ పనీ లేనప్పుడు. "ఏం కావాలి?" అంటూ వస్తుంది. ఏం లేదు, కూర్చో అనండి. మొదటి రెండుసార్లు కూర్చోదు, పొయ్యి మీద ఏదో ఉందంటుంది.