పక్షవాతం తర్వాత చేతికి రోబో గ్లవ్ కొనాలా?

మీ నాన్నగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది, కుడి చెయ్యి సరిగ్గా లేవట్లేదు, ఆన్‌లైన్‌లో అమ్మే రోబో గ్లవ్ కొనాలా అని అడిగారు. మా అత్తయ్యగారికి ఎడమ చెయ్యి పడిపోయినప్పుడు ఇలాంటివి చాలానే వాడి చూశాం.

గాలితో నడిచే ఆ గ్లవ్ వేళ్లను తనే ముడిచి తనే తెరుస్తుంది. అత్తయ్య అది తొడుక్కుని హాయిగా సీరియల్ చూసేవారు. వేళ్లు బిగుసుకోకుండా కొంత పనికొచ్చిందేమో గానీ, కదలడం మళ్లీ నేర్చుకోవాల్సింది మెదడు కదా! మనిషి తన వంతు ప్రయత్నం చెయ్యకపోతే మెషిన్ ఎంత ఆడించినా పెద్దగా లాభం లేదు. నాన్నగారు అనుకున్నప్పుడు మణికట్టు గానీ వేళ్లు గానీ కాస్తయినా కదులుతుంటే ఆ డబ్బు ఫిజియోకి పెట్టండి.

మాకు బాగా పనిచేసింది ఎన్‌ఎంఈఎస్ మెషిన్, అంటే కరెంటుతో కండరాన్ని కదిలించేది. ముంజేతి పైవైపు ప్యాడ్లు అంటిస్తే కరెంటుకి మణికట్టు లేస్తుంది. సరిగ్గా అదే క్షణంలో అత్తయ్య కూడా ఎత్తడానికి ప్రయత్నించాలి, అసలు కిటుకు అదే. ప్యాడ్లు ఎక్కడ పెట్టాలో ఫిజియో పెన్నుతో గుర్తు పెట్టి చూపించారు. షాపులో టెన్స్ మెషిన్ చేతిలో పెడితే తీసుకోకండి, అది నొప్పికి వాడేది. పేస్‌మేకర్ ఉంటే కరెంటు జోలికే వెళ్లొద్దు. ఫిట్స్ ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి.

అద్దం కూడా వాడాం. బాగున్న చెయ్యి అద్దంలో కదులుతుంటే పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు అనిపిస్తుంది. తమిళనాడులో పుట్టిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ దీన్ని మొదట చేతులు పోయినవాళ్లకి ఆ లేని చేతిలో అనిపించే నొప్పికి వాడారు, తర్వాత పక్షవాతానికీ వచ్చింది. ఖర్చు దాదాపు సున్నా.

వీడియో కాల్‌లో ఫిజియో అంటే చిన్నచూపు వద్దు. అమెరికాలో 124 మందిపై చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో గేమ్‌లతో చేసినవాళ్ల చెయ్యి క్లినిక్‌కి వెళ్లినవాళ్లతో సమానంగానే మెరుగైంది. అయితే అందులో సగం సెషన్లు థెరపిస్ట్ వీడియోలో చూస్తుండగా చేసినవే. ఉత్తి యాప్ డౌన్‌లోడ్ చేసి ఇస్తే నాన్నగారు వారానికే వదిలేస్తారు, రాసిపెట్టుకోండి.

తలుపుకి కట్టుకునే పుల్లీ మాత్రం ఎవరు చెప్పినా కొనొద్దు. పట్టు లేని భుజాన్ని అది తలపైకి లాగేస్తుంది, నొప్పి మొదలైతే ఇక ఏ వ్యాయామమూ సాగదు. మంచం మీంచి లేపేటప్పుడు కూడా ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దని ఇంట్లో పిల్లలకి కూడా చెప్పి ఉంచండి.