కెమెరా కొనబోతున్న అమ్మాయికి

విశాఖపట్నం

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. పంపినవి రెండూ చదివాను. పూర్ణా మార్కెట్ మీద రాసింది బాగుంది. చివరి పేరా కొట్టేస్తే ఇంకా బాగుంటుంది. ఆ సంగతి మళ్ళీ రాస్తాను. ముందు నువ్వు టెన్షన్ పడుతున్న విషయం చూద్దాం. వెబ్‌లో వ్యాసాలతో పాటు పెట్టే ఫొటోల కోసం 20 వేలలో ఏ కెమెరా కొనమంటారు మాస్టారూ, 16 మెగాపిక్సెళ్ళదా 24దా అని అడిగావు. ఏదైనా ఒకటే.

లెక్క చూడు. వ్యాసం మధ్యలో పెట్టే ఫొటోకి 1200 పిక్సెళ్ళ వెడల్పు, 800 ఎత్తు చాలు. గుణిస్తే 9 లక్షల 60 వేలు, ఒక్క మెగాపిక్సెల్ (పది లక్షల పిక్సెళ్ళు, అంటే చుక్కలు) కూడా నిండలేదు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా తీసేది 6000 బై 4000. అంటే నీ అవసరానికి పాతిక రెట్లు. పావుకిలో నెత్తళ్ళు తేవడానికి లారీ మాట్లాడుకున్నట్టు! దూరంగా ఉన్న పడవని తీసి మధ్య ముక్క కత్తిరించుకోవడానికి ఆ ఎక్కువ పనికొస్తుంది, కాదనను. కానీ షాపాయన ఆ అంకె చూపించి రేటు పెంచితే లొంగకు.

డబ్బు పెట్టాల్సింది వెలుతురు విషయంలో. నువ్వు ఫిషింగ్ హార్బర్ మీద రాస్తానంటున్నావు. అక్కడ సందడంతా పొద్దు పొడవకముందే. లైట్ల కింద తడి నేల, ఐసు, గంపలు, వేలం పాడే చేతులు, ఒక్కటీ కదలకుండా ఉండదు. జేబులో పట్టే చౌక కాంపాక్ట్ కెమెరాల్లో సెన్సార్, అంటే వెలుతురు పట్టే చిప్, ఇంచుమించు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర ఎత్తు ఉంటుంది. నికాన్ చిన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లెన్స్ మార్చుకోగల, లోపల అద్దం ఉండే కెమెరాలు) అది 23.5 బై 15.6. వైశాల్యంలో పదమూడు రెట్లు తేడా. బుల్లి సెన్సార్ చీకట్లో వెలుతురుని పెంచి చూపే ఐఎస్‌ఓ పెంచుకుంటూ పోతే నల్లటి చోటల్లా రవ్వ రవ్వగా వస్తుంది. దాన్ని నున్నగా చెయ్యబోయి కెమెరా వంజరం ఒంటిమీద మచ్చలు కూడా చెరిపేస్తుంది.

కాబట్టి కొత్త చౌక కాంపాక్ట్ జోలికి పోకు. జూమ్ ఒక్కటి తప్ప అది చేసే పనులన్నీ నీ ఫోనే చేస్తుంది. అసలు పగటిపూట ఫొటోలకి ఫోన్ చాలు. కెమెరా లేకపోతే రచయిత కాదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. ఫోన్ చేతులెత్తేసే చోట్ల కోసం మాత్రం సెకండ్‌హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ వెతుకు. 2014లో వచ్చిన నికాన్ డి3300, 2016 నాటి కెనాన్ 1300డి లాంటివి. జనం ఆ అద్దం లేని కొత్త రకం మిర్రర్‌లెస్‌లకి మారిపోతున్నారు కాబట్టి ఇవి చౌకగా వదిలించుకుంటున్నారు. మనకి మంచిదే.

దాంతో పాటు వచ్చే కిట్ లెన్స్, అదే 18-55 ఎంఎం లెన్స్‌తో మొదలుపెట్టు. తర్వాత చేతిలో డబ్బు ఆడితే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొను. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది. కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఇది దానికి దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వదులుతుంది. సెకనులో పదో వంతు పట్టే ఫొటో వందో వంతులో అయిపోతుంది. గంప ఎత్తుతున్న చెయ్యి చెదరకుండా పడుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. డి3300 బాడీలో ఫోకస్ మోటారు లేదు. చౌకగా వచ్చిందని సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్స్ కొంటే చేత్తో ఫోకస్ తిప్పుకోవాలి. మోటారు తనలోనే ఉన్న, ఏఎఫ్-ఎస్ అని రాసున్నది తీసుకో. కెనాన్‌కి ఈఎఫ్ రకం లెన్సులతో ఈ బాధ లేదు, మోటారు వాటిలోనే ఉంటుంది.

ఇక బేరం దగ్గర. మన ఊళ్ళో సెకండ్‌హ్యాండ్ కెమెరా అంటే ముందు చూడాల్సింది ఫంగస్. సముద్రపు తేమకి లెన్స్ లోపల బూజు పడుతుంది. కెమెరా నుంచి లెన్స్ ఊడదీసి, ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి, రెండోవైపు నుంచి కాస్త పక్కగా చూడు. సన్నటి పోగులు అల్లుకున్నట్టు కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు. జూమ్ తిప్పితే కరకరలాడితే లోపల ఇసుక. బ్యాటరీ గడి తెరిచి చూడు, పచ్చగా చిలుము పట్టి ఉంటే ఉప్పుగాలి తిన్న కెమెరా. ఎఫ్ 16లో తెల్లగోడని తీసి పెద్దది చేసి చూస్తే సెన్సార్ మీది దుమ్ము నల్లచుక్కలుగా బయటపడుతుంది. ఇది తుడిస్తే పోతుంది, బేరానికి పనికొచ్చే లోపం. డి3300 షట్టర్‌ని లక్ష ఫొటోలకి పరీక్షించామని కంపెనీ చెప్పింది. ఇప్పటికి ఎన్ని తీశారో నికాన్ ఫొటో ఫైల్లోనే నమోదై ఉంటుంది, చూపించమను. చూపించకపోతే లేచి వచ్చెయ్.

కొన్నాక మూత బిగిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి దాచు. బీరువాలో బట్టల మధ్య వద్దు. ఏసీ గదిలోంచి తిన్నగా బీచ్‌కి తీసుకెళ్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. కాసేపు బ్యాగు జిప్పు తియ్యకు.

ఆర్కే బీచ్‌లో పొద్దున్న సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు. సముద్రాన్ని వెనక పెట్టి మనిషిని తీస్తే మొహం నల్లబడుతుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు) ఒక మెట్టు పెంచు, లేదా నువ్వే నీళ్ళ వైపు వెళ్ళి ఊరు వెనకొచ్చేలా తియ్యి. సాయంత్రం ఎండ మేడల వెనక్కి పోతుంది కాబట్టి బీచ్ మీద నీడ ముందే పడుతుంది. హార్బర్‌లో మాత్రం అడగకుండా ఎవరి మొహం మీదా కెమెరా పెట్టకు. నేవీ వాళ్ళ గోడల వైపు అసలు తిప్పకు.

వెబ్‌లో పెట్టేముందు సైజు 1200కి దించి, 200 కేబీ దగ్గర ఉండేలా జేపెగ్ చెయ్యి. సిగ్నల్ సరిగా లేని బస్సులో చదివేవాడు ఫొటో కోసం ఎదురుచూడడు, పైకి తోసేస్తాడు. కెమెరాలో కలర్ వెబ్‌కి సరిపోయే ఎస్‌ఆర్‌జీబీ మీద ఉంచు.

మెమరీ కార్డు మాత్రం కొత్తదే కొను, 32 జీబీ చాలు. బేరానికి వెళ్ళే ముందు ఫోన్ చెయ్యి, ఆదివారమైతే నేనూ వస్తాను. టార్చ్ నేను తెస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు