టెక్ సందేహాలు: తరగతి గదిలోకి వికీ

ఈసారి అందిన ప్రశ్నల్లో నాలుగు గోదావరి డెల్టాలోని ఉపాధ్యాయులు పంపినవి. నాలుగూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందున, ఫోన్లు, ప్రింటర్ల సందేహాలను వచ్చే వారానికి ఉంచి ఈ శీర్షికనంతా వీటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా తొమ్మిదో తరగతి పిల్లల చేత ఊరి కాలువలు, లాకులు, పంటు రేవు, 1986 వరద గురించి రాయించి తెలుగు వికీపీడియాలో పెట్టించాలనుకుంటున్నాను. నేరుగా అక్కడే మొదలుపెట్టవచ్చా?
– సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, అమలాపురం దగ్గరి ఉన్నత పాఠశాల

టీచర్ గారూ, మొదలు మాత్రం అక్కడ పెట్టవద్దు. మీ ఆలోచన ఎంతో మంచిది. ఆలోచించుకోవలసింది చోటు గురించే. ఎవరైనా తెరిచి, చదివి, అక్కడికక్కడే దిద్దగలిగే వెబ్‌సైటును వికీ అంటారు. అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చి 25న మొదటి వికీని తెరిచినప్పుడు, హవాయి భాషలో ‘త్వరగా’ అనే అర్థమున్న మాటను దానికి పేరుగా పెట్టారు. 2001లో పుట్టిన వికీపీడియా, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఆ పద్ధతిలో నడిచే పెద్ద వేదికలు. అదే పద్ధతిలో నడిచే చిన్న వికీని మీ బడి సొంతంగా పెట్టుకోవచ్చు. ఈ రెంటిలో ఏది దేనికి పనికివస్తుందో ముందే తేల్చుకుంటే మీకు చాలా శ్రమ తప్పుతుంది.

వికీపీడియా విజ్ఞాన సర్వస్వం. అందులో చేర్చే విషయానికి ప్రచురితమైన, నమ్మదగిన ఆధారం ఉండాలి; సొంత పరిశోధనకు అక్కడ చోటు లేదు. 1986 ఆగస్టు వరదలో లంక గ్రామంలోని తమ ఇంట్లోకి నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో, గొడ్లను ఏటిగట్టు మీదికి ఎలా తోలుకుపోయారో ఒక నాయనమ్మ మనవరాలికి చెబితే, అది మీ ఊరికి అమూల్యమైన చరిత్ర. అయినా దానిని వికీపీడియాలో రాస్తే, ఆధారం లేదని మరొక వాడుకరి తొలగించవచ్చు, నియమం ప్రకారం ఆ తొలగింపు సరైనదే. నాయనమ్మ మాటను ఎవరో తెలియనివారు చెరిపేశారని ఆ పిల్ల నొచ్చుకునే పరిస్థితిని మనమే తెచ్చిపెట్టకూడదు. ఆ జ్ఞాపకాలకు బడి వికీయే తగిన చోటు. అక్కడ చెప్పినవారి వయసు, చెప్పిన తేదీ, విన్న విద్యార్థుల జట్టు పేరు కింద రాయించండి. ఆధారం చూపే అలవాటు అక్కడే మొదలవుతుంది.

తటస్థంగా రాయడం కూడా బడి వికీలోనే నేర్పవచ్చు. పులస గురించి రాయమంటే పిల్లలు ‘ప్రపంచంలోకెల్లా రుచిగల చేప’ అని మొదలుపెడతారు. ఆ వాక్యాన్ని మీరు కొట్టివేయకుండా, ‘పుస్తెలమ్మి అయినా పులస తినాలని గోదావరి జిల్లాల్లో నానుడి ఉంది; సముద్రంలో విలస అని పిలిచే ఈ చేప నదిలోకి ఎదురీదిన తరువాత పులస అనిపించుకుంటుంది’ అని మరో విద్యార్థి చేత మార్పించండి. మొదటిది అభిప్రాయమనీ, రెండోదాన్ని సరిచూడవచ్చనీ పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

ఒక సెమిస్టరు ఇలా గడిచాక వికీపీడియాకు వెళ్లండి, చిన్న పనులతో వెళ్లండి. మీ మండలం వ్యాసంలోని అచ్చుతప్పులు దిద్దడం, పుస్తకం చూసి ఒక్క వాక్యాన్ని ఆధారంతో చేర్చడం, మీరు స్వయంగా తీసిన లాకుల ఫొటోను వికీపీడియా బొమ్మల భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో ఉంచడం చాలు. పిల్లల ముఖాలున్న ఫొటోలు పెట్టవద్దు. పాఠ్యపుస్తకంలోని పేరాలను ఎక్కించడం కాపీహక్కుల ఉల్లంఘన అవుతుంది. అక్కడ రాసినదాన్ని ఎవరైనా, వ్యాపారానికైనా, రచయితలను పేర్కొని తిరిగి వాడుకోవచ్చన్న లైసెన్సుకు మనం ఒప్పుకుంటున్నామని పిల్లలకు ముందే చెప్పండి. ప్రతి వాడుకరికీ ప్రయోగశాల అనే సొంత పేజీ ఉంటుంది కాబట్టి, మొదటి చిత్తురాతంతా అందులోనే సాగాలి.

ఖాతాల విషయంలో ఒక చిక్కు ఉంది. ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి 24 గంటల్లో 6 ఖాతాలు మాత్రమే తెరవనిస్తారు. ల్యాబులో ముప్పైమందిని కూర్చోబెట్టుకున్నాక ఏడో విద్యార్థి దగ్గర పని ఆగిపోతే ఆ పీరియడ్ వృథా అవుతుంది. కొన్ని రోజుల ముందే తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే ‘రచ్చబండ’ పేజీలో మీ కార్యక్రమం గురించి రాసి సాయం అడగండి. తరగతి మొత్తానికి ఒకే ఖాతా వాడడం అక్కడ నిషిద్ధం. వికీపీడియా కనీస వయసు పెట్టకపోయినా, మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే పరిగణిస్తుంది. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. వాడుకరి పేర్లలో అసలు పేరు, బడి, తరగతి కనిపించకుండా చూడండి.

ప్రశ్న: మా ల్యాబులో 12 కంప్యూటర్లు ఉన్నాయి. ఇంటర్నెట్ ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేము. అయినా బడి వికీ నడపవచ్చా?
– కంప్యూటర్ ల్యాబ్ బాధ్యులు, భీమవరం వైపు

నిశ్చింతగా నడపవచ్చు. 12 కంప్యూటర్లు ఒకే రూటరుకు కలిసి ఉంటే బయటి ఇంటర్నెట్ అక్కరలేదు. ఒక కంప్యూటర్లో, దానిని మిగతావాటికి పేజీలు అందించే సర్వరుగా మార్చే ఎక్స్ఏఎంపీపీ (XAMPP) అనే ఉచిత ప్యాకేజీని, దాని మీద డోకువికీ (DokuWiki) అనే వికీ సాఫ్ట్‌వేర్‌ను పెట్టండి. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ కన్నా బడికి నేను డోకువికీనే సూచిస్తాను. దానికి డేటాబేస్ అవసరం లేదు, పేజీలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి, పాత కంప్యూటరు మీద కూడా తేలికగా నడుస్తుంది. ఏర్పాటు చేసే సమయంలో, లాగిన్ అయినవారే చదివి రాయగల ‘క్లోజ్‌డ్ వికీ’ని ఎంచుకోండి; ఎవరికి వారే ఖాతా తెరుచుకునే వీలును ఆపి, పిల్లల ఖాతాలు మీరే తెరవండి. పని పూర్తయ్యాక ఏర్పాటుకు వాడిన ఇన్‌స్టాల్ ఫైలును తొలగించండి. సర్వర్ కంప్యూటరుకు ఎన్నడూ మారని ఐపీ చిరునామా (నెట్‌వర్కులో దానిని గుర్తించే సంఖ్య) కేటాయించకపోతే, రూటరు కరెంటు పోయి వచ్చిన తరువాత పిల్లలకు వికీ దొరకకపోవచ్చు.

రెండు విషయాలు ముందే తెలిసి ఉండాలి. డోకువికీలో ఒకరు దిద్దడానికి తెరిచిన పేజీకి 15 నిమిషాల పాటు తాళం పడుతుంది. ఒక విద్యార్థి పేజీ తెరిచి నీళ్లు తాగడానికి వెళితే మిగతావారు చూస్తూ కూర్చోవలసిందే. అందువల్ల తరగతికంతా ఒకే పేజీ ఇవ్వకుండా, జట్టుకు ఒకటి చొప్పున ఇచ్చి, వాటన్నిటికీ లంకెలున్న ముఖపత్రాన్ని మీరు తయారుచేయండి. ఇక పేజీల పేర్లు: తెలుగు పేరులోని ఒక్కో అక్షరాన్ని, ఒక్కో గుణింతపు గుర్తును ఈ సాఫ్ట్‌వేర్ ఫైలు పేరులో 9 గుర్తులుగా రాసుకుంటుంది, ఫైలు పేరుకేమో 255 గుర్తుల హద్దు ఉంది. ‘మా ఊరి లాకులు’ అంటే ఇబ్బంది ఉండదు. ‘మా ఊరి కాలువ మీద ఉన్న పాత లాకుల చరిత్ర’ అంటే పేజీ సేవ్ కాకపోవచ్చు.

నెలకోసారి వికీ ఫోల్డరును మొత్తంగా రెండు పెన్‌డ్రైవులలోకి కాపీ చేసి, ఒకదాన్ని బడికి దూరంగా, మెరక మీద ఉన్న ఇంట్లో దాచండి. ఎందరో ఉపాధ్యాయులు వాడిన వికీస్పేసెస్ అనే ఉచిత సేవ 2018లో మూతపడింది. సకాలంలో దించుకోనివారు ఏళ్ల తరబడి చేసిన పనిని కోల్పోయే పరిస్థితి వచ్చింది. పిల్లలు చదువుకోవడానికి వికీపీడియా కూడా కావాలంటే, కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రాములో తెలుగు వికీపీడియా ప్రతిని ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే చదవవచ్చు.

ప్రశ్న: అను స్క్రిప్టులో టైపు చేసిన నా పాత నోట్సును వికీలో అతికిస్తే అర్థంకాని గుర్తులు వస్తున్నాయి.
– ఉపాధ్యాయుడు, పాలకొల్లు

అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల ప్రమాణం) కాదు, అందుకే. అను ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపించినా లోపల ఉండేవి వేరే గుర్తులు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక వత్తులు, సంఖ్యలు తప్పక సరిచూసుకోండి. కొత్తగా టైపు చేసేవన్నీ విండోస్ లోని తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో నేరుగా యూనికోడ్‌లో చేయండి. పిల్లలకు ఇన్‌స్క్రిప్టే నేర్పండి. రెండు వారాలు కష్టంగా ఉన్నా అక్షరాల క్రమం బుర్రలో నిలిచిపోతుంది.

ప్రశ్న: బడి వికీలో పిల్లలు ఒకరు రాసింది మరొకరు చెరిపేసి తగువులాడుకుంటున్నారు. అందరూ కలిసి రాసిన పేజీకి ఎవరికి ఎన్ని మార్కులు వేయాలో కూడా తెలియడం లేదు.
– తెలుగు పండితులు, రాజోలు

మాస్టారూ, ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకేచోట, పేజీ చరిత్రలో ఉంది. వికీలో చెరిపినది పోదు. ప్రతి మార్పూ ఎవరు, ఎప్పుడు చేశారో సహా పాత కూర్పుగా నిలిచి ఉంటుంది. రెండు కూర్పులను పక్కపక్కన పెడితే మారిన మాటలు రంగులో కనిపిస్తాయి. కావలసిన కూర్పును క్షణంలో తిరిగి నిలపవచ్చు. మొదటి రోజే తరగతి ముందు ఒక పేజీని మొత్తం చెరిపి, తిరిగి తెచ్చి చూపండి. రాసింది పోదని కళ్లారా చూసిన పిల్లలకు సగం కోపం అక్కడే చల్లారుతుంది. అయితే ఈ గుణానికి మరో వైపు కూడా ఉంది: ఎవరైనా ఫోను నంబరు రాసి చెరిపినా అది చరిత్రలో మిగిలే ఉంటుంది. అలాంటివి అసలు రాయకూడదన్నది మీ మొదటి నియమం కావాలి.

మిగతా సగం కోపానికి చర్చా పేజీ అవసరం. డోకువికీలో అది సిద్ధంగా ఉండదు కాబట్టి, ప్రతి జట్టు పేజీకి తోడుగా ‘చర్చ’ అని మరో పేజీ తెరిపించండి. ఇతరుల వాక్యాన్ని మార్చినవారు, పేజీని సేవ్ చేసే చోట ఉండే ‘దిద్దుబాటు సారాంశం’ అనే గడిలో కారణం రాయాలి. కారణం నచ్చనివారు దానిని వెనక్కి తిప్పే ముందు చర్చలో రాయాలి. ఒక విద్యార్థి ‘కాటన్ దొర 1852లో ధవళేశ్వరం బ్యారేజీ కట్టారు’ అని రాశాడనుకుందాం. మరో విద్యార్థిని దానిని ‘1847లో మొదలై 1852లో పూర్తయినది ఆనకట్ట, ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది’ అని మార్చి, ఏ పుస్తకం చూసిందో సారాంశంలో రాస్తే, ఆ ఒక్క దిద్దుబాటుకు పేరా అంతా రాసినవారితో సమానంగా మార్కులు వేయాలని నా గట్టి అభిప్రాయం. తప్పు రాసిన పిల్లవాడు చర్చలో దాన్ని ఒప్పుకుని, తాను రాసిన మరో పేజీలోనూ సరిచేస్తే అతనికి కూడా వేయండి.

మార్కుల కోసం పూర్తయిన పేజీని చదివి ఊరుకుంటే, అందంగా టైపు చేసినవారికే దక్కుతాయి, ఆధారం వెతికినవారు మరుగున పడతారు. నేనైతే 20 మార్కులలో 5 మాత్రమే పేజీకి ఉంచి, 10 ఆ విద్యార్థి చేసిన దిద్దుబాట్లకు, 5 చర్చలో చూపిన మర్యాదకు, వాదనకు కేటాయిస్తాను. పదాల సంఖ్యను కొలవవద్దు; కొలిచారని తెలిస్తే పిల్లలు పేరాలను సాగదీస్తారు. ముప్పైమంది చరిత్రలు చదవడానికి సమయం చాలదనిపిస్తే, తన అత్యుత్తమమైన మూడు దిద్దుబాట్లను, వాటి తేదీలతో, కారణాలతో ఒక కాగితం మీద రాసి ఇమ్మని ప్రతి విద్యార్థినీ అడగండి. మీరు ఆ మూడింటినే తెరిచి చూస్తే సరిపోతుంది.